చిన్న ప్రోగ్రాంకి గిటార్ పవర్ యాంప్: కొనేముందు, ప్లగ్ పెట్టేముందు

మీ దగ్గర గిటార్ ఉంది, ఫ్లోర్ ప్రాసెసర్ (కాళ్ళ దగ్గర పెట్టుకుని టోన్ మార్చుకునే పెట్టె) ఉంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే టోన్ అదిరిపోతోంది. వచ్చే శనివారం మొగల్రాజపురంలో ఒక కేఫ్‌లో వాయించాలి. యాభై మంది పడతారు. కహోన్ (పైన కూర్చుని వాయించే పెట్టె డ్రమ్) ఒకటి, కీబోర్డు ఒకటి, పాడేవాళ్ళు ఇద్దరు. కేఫ్ వాళ్ళకున్న రెండు స్పీకర్లు గొంతులకే సరిపోతాయి. సరిగ్గా ఇలాంటప్పుడే నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, ఎన్ని వాట్లది కొనమంటావ్?"

విజయవాడకీ గుంటూరుకీ మధ్య పెళ్ళిళ్ళు, చర్చి ప్రోగ్రాంలు, కేఫ్‌లు తిరిగేవాణ్ణి కాబట్టి నా జవాబు ఎప్పుడూ ఒకటే, అది ఎవరికీ నచ్చదు. వాట్ల సంగతి తర్వాత, ముందు స్పీకర్ ఏదో, కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకుంటారో చూసుకోండి. నేను చూసినంతలో వాట్లు చాలక పాడైన ప్రోగ్రాంలు తక్కువ. ఎర్త్ లేకపోవడం, కేబుల్ తప్పు కావడం, క్యాబినెట్‌ని (స్పీకర్ ఉన్న పెట్టె, పొట్టిగా క్యాబ్ అంటాం) మోకాళ్ళ దగ్గర పెట్టుకోవడం, వీటివల్ల పాడైనవే ఎక్కువ.

ముందు ఇది అవసరమో కాదో తేల్చుకోండి

గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. గెయిన్, బేస్, ట్రెబుల్ కలిపి దానికి రుచి తెచ్చేది ప్రీయాంప్. ఆ రుచిని చెడగొట్టకుండా స్పీకర్‌ని కదిలించేంత బలం ఇచ్చేది పవర్ యాంప్. వంటవాడు ఒకడు, వడ్డించేవాడు ఇంకొకడు అనుకోండి. మీ ప్రాసెసర్ వంటవాడు. కాంబో యాంప్ కొంటే వంటవాడు, వడ్డించేవాడు, విస్తరి అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి.

తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి ఆడిటోరియంలోనో, పెద్ద మిక్సర్ పెట్టే ఫంక్షన్ హాల్లోనో మాత్రమే వాయిస్తారా? అయితే పవర్ యాంప్ కొనకండి. ప్రాసెసర్‌లో క్యాబ్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె సౌండ్‌ని అనుకరించే సెట్టింగ్) ఆన్ చేసి నేరుగా మిక్సర్‌కి లైన్ ఇవ్వండి, స్టేజీ మీద మానిటర్‌లో మీ గిటార్ పెట్టమని సౌండాయన్ని అడగండి, అయిపోయింది. సౌండ్ వాళ్ళు గొంతులకే పరిమితమయ్యే కేఫ్‌లు, అపార్ట్‌మెంట్ ఫంక్షన్లు, చిన్న చర్చిలు, రిహార్సల్ గదులు, వీటికే పవర్ యాంపూ క్యాబినెట్టూ పనికొస్తాయి.

కొనకుండానే ఒకసారి రుచి చూసే దారి ఉంది. స్నేహితుల దగ్గర కాంబో యాంప్ ఉంటే దాని వెనక 'ఎఫెక్ట్స్ లూప్' అని సెండ్, రిటర్న్ రెండు జాక్‌లు ఉన్నాయేమో చూడండి. మీ ప్రాసెసర్ అవుట్‌పుట్‌ని రిటర్న్‌లో పెట్టండి. చాలా యాంపుల్లో ఇలా చేస్తే ప్రీయాంప్ పక్కకి తప్పుకుని ఆ పెట్టె మీకు పవర్ యాంప్‌గా పనిచేస్తుంది. ప్రాసెసర్ వాల్యూమ్ మాత్రం సున్నా నుంచి మొదలుపెట్టండి, కొన్ని యాంపుల్లో మాస్టర్ నాబ్ రిటర్న్ మీద పనిచేయదు. ఓ సాయంత్రం ఇలా వాయిస్తే మీకేం కావాలో మీకే తెలుస్తుంది. నేనైతే ఇలా అరువు యాంపుల మీదే ఏడాది నెట్టుకొచ్చాను.

ప్రాసెసర్ లేదు, రెండు మూడు పెడల్సే ఉన్నాయంటారా? అప్పుడు ఒక ప్రీయాంప్ పెడల్ కూడా కావాలి. గిటార్ సిగ్నల్‌ని నేరుగా పవర్ యాంప్‌కి ఇస్తే నాబ్ మొత్తం తిప్పినా నీరసంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది.

వాట్ల లెక్క ఒక్కసారి వేసుకోండి

స్పీకర్ డబ్బా మీదో దాని స్పెసిఫికేషన్‌లోనో 'సెన్సిటివిటీ' అని ఒక అంకె ఉంటుంది. 97 డెసిబెల్స్ అని ఉంటే, 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో 97 డెసిబెల్స్ వస్తుందని అర్థం. 1 వాటే! 10 వాట్లు ఇస్తే 107, 100 వాట్లు ఇస్తే 117. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు పెద్దగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. 50 వాట్లది అమ్మేసి 100 వాట్లది కొన్నవాళ్ళు "పెద్ద తేడా లేదేంటన్నా" అని అడిగేది అందుకే.

అదే డబ్బు స్పీకర్ మీద పెట్టి చూడండి. సెలెషన్ వింటేజ్ 30 సెన్సిటివిటీ 100 డెసిబెల్స్, అదే కంపెనీ జీ12ఎం గ్రీన్‌బ్యాక్‌ది 98. 97 ఉన్న స్పీకర్ తీసేసి 100 ఉన్నది బిగిస్తే యాంప్ వాట్లు రెట్టింపు చేసినట్టే. అయితే స్పీకర్ ఎన్ని వాట్లు తట్టుకుంటుందో కూడా చూడాలి. వింటేజ్ 30 60 వాట్లది, గ్రీన్‌బ్యాక్ 25 వాట్లదే. ఒక్క గ్రీన్‌బ్యాక్ ఉన్న క్యాబినెట్‌కి 100 వాట్ల యాంప్ తగిలించి ఊపు వచ్చినప్పుడల్లా నాబ్ తిప్పారంటే స్పీకర్ మాడిపోతుంది.

మరి ఎన్ని వాట్లు? కేఫ్‌కి, కహోన్ పక్కన వాయించడానికి, 30 నుంచి 50 వాట్ల సాలిడ్ స్టేట్ (ట్యూబులు కాకుండా ట్రాన్సిస్టర్లతో నడిచే) యాంప్ చాలు. డ్రమ్స్ ఉంటే 100 దగ్గర ఉన్నది తీసుకోండి. డిస్టార్షన్ ఎక్కువగా వాడేవాళ్ళకి తక్కువ వాట్లు సరిపోతాయి, ఎందుకంటే ఆ సిగ్నల్ ముందే అణిగి ఒకే మట్టంలో ఉంటుంది. క్లీన్ టోన్‌లో మెలోడీ పాటలు వాయించేవాళ్ళకే ఎక్కువ కావాలి. గట్టిగా ఒక స్ట్రమ్ కొట్టినప్పుడు సిగ్నల్ ఒక్కసారి పైకి లేస్తుంది, అక్కడ యాంప్‌లో చోటు లేకపోతే ఆ స్ట్రమ్ చిరిగినట్టు వినిపిస్తుంది.

ఇక ఓమ్‌లు, అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. సాలిడ్ స్టేట్ యాంప్ మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్లు సాధారణంగా 4 ఓమ్‌ల లెక్క. 4 ఓమ్‌ల దగ్గర 170 వాట్లు ఇచ్చే సీమోర్ డంకన్ పవర్‌స్టేజ్ 170 లాంటిది 8 ఓమ్‌ల క్యాబినెట్‌కి ఇచ్చేది అందులో సగం చిల్లర. దానివల్ల నష్టమేమీ లేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం తగ్గేది 3 డెసిబెల్సే. ప్రమాదమంతా యాంప్ అనుమతించిన దానికంటే తక్కువ ఓమ్‌లు తగిలిస్తేనే. రెండు 8 ఓమ్‌ల క్యాబినెట్లు ప్యారలల్‌లో, అంటే రెండిటినీ ఒకే అవుట్‌పుట్‌కి విడివిడిగా కలిపి పెడితే 4 అవుతుంది. ఎలక్ట్రో-హార్మోనిక్స్ 44 మాగ్నమ్ లాంటి బుల్లి యాంప్ 8 ఓమ్‌లకీ ఆపైకీ తయారైంది, దానికి 4 ఓమ్‌ల క్యాబ్ పెట్టకూడదు. ట్యూబ్ యాంప్ (గాజు వాల్వులతో నడిచేది) అయితే ఓమ్‌లు సరిగ్గా కలవాలి, స్పీకర్ లేకుండా అస్సలు ఆన్ చేయకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే దానికి మళ్ళీ చుట్టించడం ఇక్కడ అంత తేలిక కాదు.

నన్నడిగితే, పెడల్ బోర్డు మీద పట్టే క్లాస్ డీ (చిన్నగా, తేలిగ్గా ఉండే రకం) పవర్ యాంప్ ఒకటి, 12 అంగుళాల స్పీకర్ ఒక్కటే ఉన్న 8 ఓమ్‌ల క్యాబ్ ఒకటి. స్కూటీ మీద వెనక కూర్చున్నవాడు ఒళ్ళో పెట్టుకుని తేగలిగితే అదే మంచి క్యాబినెట్. కాసేపు ఆటోలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న తర్వాత నాలుగు స్పీకర్ల క్యాబినెట్ మీద మోజు దానంతటదే పోతుంది.

"ఇంట్లో పాత అహుజా యాంప్లిఫయర్ ఉంది కదా, దానికి క్యాబ్ తగిలిస్తే?" అని చర్చి కుర్రాళ్ళు తరచూ అడుగుతారు. పనిచేస్తుంది. గిటార్ స్పీకర్ ఎలాగూ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా పలకదు కాబట్టి మైక్ సెట్ యాంప్ అయినా టోన్ మరీ చెడదు. రెండు జాగ్రత్తలు తీసుకోండి. ప్రాసెసర్‌ని మైక్ ఇన్‌పుట్‌లో కాకుండా ఆక్స్‌లో పెట్టండి. వెనక స్క్రూ టెర్మినల్స్‌లో కామన్, 4, 8, 16 ఓమ్‌లతో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని కూడా ఉంటాయి, అవి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హార్న్‌లకీ గోడ స్పీకర్లకీ. మీ 8 ఓమ్‌ల క్యాబ్ తీగలు కామన్‌కీ 8కీ మాత్రమే వెళ్ళాలి.

ఆన్‌లైన్‌లో గానీ, విదేశాల నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో గానీ తెప్పించుకుంటే వెనక లేబుల్ చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే నిశ్చింత. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230కి పెట్టిన క్షణంలో పొగ. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మోసుకు తిరగడం మీకు ఓపికుంటే సరే, నాకైతే లేదు.

ఇంట్లోనే ఒకసారి కలపండి

స్పీకర్ కేబుల్ ముందు, కరెంటు ఆఖరు. పవర్ యాంప్ నుంచి క్యాబ్‌కి స్పీకర్ కేబుల్, ప్రాసెసర్ నుంచి పవర్ యాంప్‌కి మామూలు గిటార్ కేబుల్. వాల్యూమ్‌లన్నీ సున్నా. ప్రాసెసర్ ఆన్ చేశాకే పవర్ యాంప్ ఆన్. ఆపేటప్పుడు పవర్ యాంప్ ముందు. వరుస తప్పితే స్పీకర్‌లో టపాకాయ పేలినట్టు ఒక శబ్దం వస్తుంది.

స్పీకర్ కేబుల్ అన్నాను, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. రెండు కేబుల్స్‌కీ ఒకే క్వార్టర్ ఇంచ్ జాక్ ఉంటుంది, పైకి కవలల్లా ఉంటాయి. లోపల గిటార్ కేబుల్‌లో సన్నని తీగ, దాని చుట్టూ షీల్డు. స్పీకర్ కేబుల్‌లో లావుపాటి తీగలు రెండు. ఒకసారి గుంటూరు బ్రాడీపేటలో ఒక కేఫ్‌లో నేను స్పీకర్ కేబుల్ ఇంట్లో మర్చిపోయి గిటార్ కేబుల్ పెట్టేశాను. రెండు పాటలు బాగానే నడిచాయి. మూడో పాట మధ్యలో గిటార్ ఒక్కసారి మూగబోయింది, రెండు సెకన్లకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. గిటార్ జాక్ కదిలించాను, ప్రాసెసర్ చూశాను, కీబోర్డు తమ్ముడు నా వంక చూస్తూ అదే లైను తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. చివరికి క్యాబ్ వెనక చెయ్యి పెడితే జాక్ వేడిగా తగిలింది, ప్లాస్టిక్ కాలుతున్న వాసన. లోపల తీగ వేడెక్కి షార్ట్ అవుతుంటే యాంప్‌లోని ప్రొటెక్షన్ తనని తాను ఆపుకుంటోంది. ట్యూబ్ యాంప్ అయ్యుంటే ఆ రాత్రితో దాని కథ ముగిసేది.

ప్రాసెసర్‌లో రెండు సెట్టింగులు చూడండి. గిటార్ క్యాబినెట్‌లోకి వెళ్ళే అవుట్‌పుట్‌కి క్యాబ్ సిమ్యులేషన్, అంటే ఐఆర్, ఆఫ్ చేయాలి. లేకపోతే క్యాబినెట్ మీద క్యాబినెట్ వేసినట్టై బొంగురుగా వస్తుంది. రెండు అవుట్‌పుట్‌లు ఉంటే ఒకటి ఐఆర్ లేకుండా మీ క్యాబ్‌కి, రెండోది ఐఆర్‌తో మిక్సర్‌కి ఇచ్చుకోవచ్చు. రెండో సెట్టింగు, వాల్యూమ్‌ల పంపకం. ప్రాసెసర్ మాస్టర్‌ని మూడొంతుల్లో రెండొంతులు పెట్టి, మిగతాది పవర్ యాంప్ నాబ్‌తో పెంచుకోండి. ప్రాసెసర్ మరీ తగ్గించి యాంప్ మొత్తం తెరిస్తే పాటకి ముందే 'స్‌స్‌స్' అని నాయిస్ వస్తుంది.

హాల్లోకి అడుగు పెట్టగానే ప్లగ్ పాయింట్ చూడండి

గుంటూరులోనే ఒక ఫంక్షన్ హాల్, పేరు ఎందుకులెండి. సౌండ్ చెక్‌లో కోరస్ పాడదామని మైక్ దగ్గరికి మూతి పెట్టాను. పెదవి మీద చురుక్కుమంది. చీమ కుట్టినట్టు కాదు, సూది గుచ్చినట్టు. ఒక చెయ్యి గిటార్ తీగల మీద ఉంది. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే "ఎర్త్ ఉంది బాబూ, మూడో వైరు కనపడుతోందిగా" అన్నాడు. నా బ్యాగులో మల్టీమీటర్ ఉంది. "బాబాయ్, ఒకసారి నువ్వే పెట్టి చూడు" అని చేతికిచ్చాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 231. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. వచ్చింది 110 చిల్లర. బోర్డు విప్పితే మూడో వైరు ఉన్నమాట నిజమే, దాని రెండో కొస గోడలో దేనికీ తగలకుండా వేలాడుతోంది. నా యాంప్ బాడీ మీద చేరిన కొద్దిపాటి కరెంటు దిగే దారి లేక, గిటార్ తీగల మీదుగా నా ఒంట్లోంచి మిక్సర్ ఎర్త్‌కి దారి వెతుక్కుంది.

కాబట్టి మీటర్ కొలతలు ఇవి: ఫేజ్–న్యూట్రల్ 220–240 మధ్య, ఫేజ్–ఎర్త్ దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టులకి మించకూడదు. కరెంటు పనుల్లో చెయ్యి అలవాటు లేకపోతే మీరు పెట్టకండి, హాలు ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. జేబులో ఉండే లైటు టెస్టర్ ఫేజ్ ఏదో చెబుతుంది తప్ప ఎర్త్ పనిచేస్తుందో లేదో చెప్పలేదు. ఎర్త్ లేని పాయింటైతే వేరే పాయింట్ అడగండి, స్టేజీకి దూరమైనా సరే.

యాంప్ 'గుయ్' మంటుంటే మూడో పిన్ను విరగ్గొట్టేయమనో, టూ పిన్ జంక్షన్ బాక్సులో పెట్టమనో సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి స్టేజీ దగ్గరా ఒకరుంటారు. ఆ మాట వినకండి. గుయ్‌మనడం ఆగుతుంది, దాంతో పాటు మీకున్న ఒకే ఒక్క రక్షణ కూడా పోతుంది. ఆ మోతకి మామూలు కారణం, మీ యాంప్ ఒక చోటా మిక్సర్ ఇంకో చోటా కరెంటు తీసుకోవడం. రెండూ ఒకే పాయింట్ నుంచి తీసుకోండి. అప్పటికీ పోకపోతే మిక్సర్‌కి వెళ్ళే లైన్‌లో డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి అనువుగా మార్చే చిన్న పెట్టె) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి, అది విడదీసేది ఆడియో లైన్‌లోని గ్రౌండ్‌నే, కరెంటు ఎర్త్‌ని కాదు. సీరియల్ బల్బులు, కూలర్లు, పాప్‌కార్న్ మెషీన్ ఉన్న జంక్షన్ బాక్సులోంచి మాత్రం తీసుకోకండి.

కరెంటు పోతే మొదట చేయాల్సింది యాంప్ స్విచ్ ఆపడం. జనరేటర్ అందుకున్నాక లైట్లు నిలకడగా వెలగనివ్వండి, తర్వాత ఆన్ చేయండి.

క్యాబ్ ఎక్కడ, ఎలా

గిటార్ స్పీకర్ ట్రెబుల్ టార్చిలైటులా సూటిగా వెళ్తుంది. క్యాబ్ నేల మీద ఉంటే ఆ వెలుగంతా మీ మోకాళ్ళకి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళ మొహాలకి. మీకు పైనుంచి మొద్దుగా వినిపిస్తుంది, మీరు ట్రెబుల్ పెంచుతారు, ముందు వరసలో పెద్దాయన చెవిలో వేలు పెట్టుకుంటాడు. క్యాబ్ ముందు అంచు కింద ఇటుక పెట్టి వెనక్కి వాల్చండి, లేదా చెక్క స్టూలు మీద ఎక్కించండి. ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే బేస్‌కి కుర్చీ కూడా పాడుతుంది. మీకూ క్యాబ్‌కీ మధ్య ఆరేడు అడుగులు ఉండేలా చూసుకోండి, అప్పుడు జనం వినేది మీకూ వినిపిస్తుంది.

ఇంట్లో సిద్ధం చేసుకున్న టోన్ ఇక్కడ పనికిరాదు, మనసు దిటవు చేసుకోండి. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి కాబట్టి ఇంట్లో రెండూ పెంచి మిడ్ తగ్గిస్తాం. హాల్లో గట్టిగా పెట్టగానే బేస్ గుమ్మటంలా మోగుతుంది, గిటార్ మాత్రం కీబోర్డు కింద ఎక్కడో మునిగిపోతుంది. బేస్ తగ్గించండి, మిడ్ పెంచండి, గెయిన్ మీరు అనుకున్నదానికంటే పావు వంతు తీసేయండి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది. బ్యాండ్‌తో కలిస్తే సరిగ్గా కూర్చుంటుంది. ఇనప ప్లాట్‌ఫాం స్టేజీ అయితే 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది బేస్‌ని కోసేసే సెట్టింగ్) కూడా పెట్టండి.

సౌండాయన క్యాబ్‌ని మైక్‌తో తీస్తానంటే షూర్ ఎస్ఎం57 లాంటి మైక్‌ని జాలీకి ఆనించినంత దగ్గరగా, కోన్ నడిమధ్య నుంచి కొంచెం పక్కకి పెట్టమనండి. ఎవరన్నా స్పీకర్ అవుట్ నుంచి మిక్సర్‌కి లైన్ లాగుతానంటే మాత్రం వైరు లాక్కోండి. ఆ అవుట్‌పుట్‌లో వచ్చేది లైన్ సిగ్నల్ కాదు. క్లాస్ డీ యాంపుల్లో చాలావాటికి రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది. అందులో ఒకటి గ్రౌండ్‌కి తగిలితే యాంప్ పోతుంది.

బయట స్టేజీ అయితే రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ ఆగాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉదయం 6 వరకు అని ఉంది. పక్కింటివాళ్ళు ఫోన్ చేసేదాకా ఆగకుండా తొమ్మిదిన్నరకే పెద్ద పాటలు ముగించండి.

ఇంకోటి మన ఎండ. మే నెలలో పున్నమి ఘాట్‌లో సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్ అంటే, అప్పటికే కారు డిక్కీలో ఉడికిన యాంప్‌ని తెచ్చి ఎండలో పెడతాం. చిన్న క్లాస్ డీ యాంపులు ఒక వేడి దాటితే వాటంతటవే ఆగిపోతాయి. నల్ల గుడ్డ కప్పకండి, గాలి రంధ్రాలకి అడ్డంగా సెట్‌లిస్ట్ పెట్టకండి, స్టేజీ మీద నీడ పడే మూల మీ యాంప్‌కి ముందే పట్టేయండి. ప్రోగ్రాం అయ్యాక పది నిమిషాలు చల్లారనిచ్చి బ్యాగులో పెట్టండి.

సర్దేటప్పుడు స్టేజీ లైట్లు ఆపేస్తారు, చీకట్లో అందరి కేబుల్స్ ఒకే కుప్పలో ఉంటాయి. బ్రాడీపేట తర్వాత నేను నా స్పీకర్ కేబుల్ రెండు కొసలకీ ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాను, ఇంకోటి అలాగే చుట్టి క్యాబ్ వెనక జేబులో పడేశాను. అది అక్కణ్ణుంచి బయటికి రాదు, ఎవరడిగినా ఇవ్వను.